సేద్యపు కుంటపై నీడపందిరి: వేయాలా, వద్దా?

పరిచయం

కర్నూలు జిల్లా పడమటి ప్రాంతమైన ఆదోని, ఎమ్మిగనూరు, ఆస్పరి, ఆలూరు మండలాలు అల్ప వర్షపాత మండలంలోనివి. ఇక్కడి వానలో అధిక భాగం నైరుతి రుతుపవనాల కాలంలో, అందులోనూ సెప్టెంబరుకు అటూ ఇటూ కురుస్తుంది. ఈశాన్య రుతుపవనాల వాన కొద్దిపాటిదే. నవంబరు దాటిన తరువాత మరుసటి జూన్ వరకు ఆకాశం నుంచి చెప్పుకోదగ్గ నీరు రాదు. తుంగభద్ర దిగువ కాలువ కింద ఉన్న గ్రామాలను మినహాయిస్తే, మిగిలిన చోట్ల పత్తి, వేరుశనగ, కంది, ఆముదం, ఉల్లి, టమాట వంటి పంటలకు వాన లేదా బోరు మాత్రమే ఆధారం. అందుకే గడచిన రెండు దశాబ్దాలలో వాటర్‌షెడ్ పథకాల ద్వారా, ఉపాధి హామీ పనుల ద్వారా, ఆ తరువాత ‘పంట సంజీవని’ పేరిట పొలాల్లో సేద్యపు కుంటలు విరివిగా తవ్వించారు.

కుంట తవ్వడంతో పని పూర్తి కాదు. అక్టోబరులో నిండుగా కనిపించిన కుంట ఫిబ్రవరి నాటికి అడుగంటితే, నీరు ఏమైందన్న ప్రశ్న రైతుకు కలుగుతుంది. ఎండకు ఆవిరైపోయిందన్నది అతనికి వెంటనే తోచే జవాబు. ఆ జవాబు వెంటనే మరో ప్రశ్నకు దారితీస్తుంది: “కుంట మీద పందిరి వేయిస్తే నీళ్లు నిలబడతాయా సార్?” ఉగాది మరునాటి పిడకల సమరంతో పేరొందిన కైరుప్పలలోనైనా, దాని చుట్టుపక్కల ఏ మెట్ట గ్రామంలోనైనా విస్తరణ శాస్త్రవేత్తకు ఎదురుకాగల ప్రశ్న ఇది.

దీనికి ఔనని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పడం సరికాదు. కుంటలోని నీరు ఏ దారిన పోతున్నది, ఎన్నాళ్లు నిలవాలి, దేనికి వాడాలి అన్న మూడు విషయాలు తేలిన తరువాతనే పందిరి మాట చెప్పాలి. నీడపందిరి కుంట నిర్వహణలో చివరి మెట్టు. దానిని మొదటి మెట్టుగా భావించినచోట ఖర్చు మిగులుతుంది గాని నీరు మిగలదు. ఈ నిర్ణయానికి కావలసిన శాస్త్రీయ ఆధారాలను, పొలంలోనే చేయదగిన పరీక్షను, ఒక నమూనా లెక్కను ఈ వ్యాసం వివరిస్తుంది.

నీరు పోయే దారులు

రైతు వాడుకున్న నీటిని పక్కన పెడితే, కుంట నుంచి నీరు రెండు దారుల్లో పోతుంది. ఒకటి అడుగు నుంచి, గట్ల నుంచి భూమిలోకి ఇంకడం. రెండవది ఉపరితలం నుంచి ఆవిరి కావడం. పందిరి అడ్డగించగలిగేది రెండవ దారిని మాత్రమే.

ఈ రెండింటి నిష్పత్తి నేలను బట్టి మారుతుంది. బంకమన్ను అధికంగా ఉన్న నల్లరేగడి నేలల్లో కుంట ఒకటి రెండు సంవత్సరాలు నిండితే, సన్నని ఒండ్రు అడుగున పేరుకొని ఇంకుడు క్రమంగా తగ్గుతుంది. కాని రేగడి ఎండినప్పుడు నెర్రెలు విచ్చుతుంది. తొలి వానల నీరు ఆ నెర్రెల గుండా దిగిపోతుంది. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్ర నేలల్లో ఇంకుడు ఏడాది పొడవునా సాగుతుంది. ఈ మండలాల్లో ఒకే గ్రామంలో, ఒక్కోసారి ఒకే రైతు పొలంలో రెండు రకాల నేలలూ ఉంటాయి. కనుక గ్రామమంతటికీ ఒకే సిఫారసు చెల్లదు.

ఒక ఎర్ర నేల కుంటలో రోజుకు 20 మి.మీ. ఇంకి, 5 మి.మీ. ఆవిరి అవుతున్నదని అనుకుందాం. మూడు మీటర్ల లోతు నీరు, ఒక్క చుక్క వాడకపోయినా 120 రోజుల్లో ఖాళీ అవుతుంది. దానిపై 70 శాతం ఆవిరిని ఆపగల మంచి పందిరి వేస్తే రోజువారీ నష్టం 25 నుంచి 21.5 మి.మీ.కు తగ్గి, నీరు సుమారు 140 రోజులు నిలుస్తుంది. అంటే ఇంత ఖర్చుకూ దక్కేది ఇరవై రోజులు. అదే కుంటకు పందిరి లేకుండా ఇంకుడును పూర్తిగా అరికట్టగలిగితే, రోజుకు 5 మి.మీ. చొప్పున ఆ లోతు తగ్గడానికి 600 రోజులు పడుతుంది. వాస్తవంలో ఏ పూతా ఇంకుడును సున్నాకు తేలేదు, ఆవిరి రేటు కూడా రుతువును బట్టి మారుతుంది. అయినా రెండు పనుల మధ్య ఉన్న అంతరం ఈ అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. రాయలసీమ ఎర్ర నేలలకు సిఫారసు చేసిన మట్టి–సిమెంటు 6:1 పాళ్ల పూత గాని, 500 మైక్రాన్ల మందం గల ప్లాస్టిక్ పొర గాని వేయకుండా అటువంటి కుంటపై పందిరి నిర్మించడం, అడుగు చిల్లిపడిన కడవకు మూత వెతకడం వంటిది.

బకెట్ పరీక్ష

ఏ దారిన ఎంత పోతున్నదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. వాన లేని వారం రోజులు ఎంచుకొని, ఆ రోజుల్లో కుంట నుంచి నీరు తోడకుండా చూడాలి. కుంటలో కొలత గీతలు గల కర్రను గాని స్కేలును గాని నిలువుగా పాతాలి. అంచున నీరు పల్చగా ఉన్నచోట, వెడల్పాటి బకెట్‌ను ముప్పావు వంతు మునిగేటట్లు రాళ్ల మధ్య కదలకుండా అమర్చి, బయటి నీటి మట్టానికి సమానంగా లోపల నీరు పోయాలి. బకెట్ నీటిలో మునిగి ఉండటం ముఖ్యం. గట్టు మీద ఎండలో పెట్టిన బకెట్ నీరు కుంట నీటి కంటే ఎక్కువగా వేడెక్కి తప్పుడు కొలత ఇస్తుంది. పశువులు, పక్షులు తాగకుండా చుట్టూ ముళ్లకంప వేయాలి.

వారం తరువాత బకెట్‌లో మట్టం ఎంత తగ్గిందో అది సుమారుగా ఆవిరి. కుంటలో తగ్గిన మట్టం నుంచి దానిని తీసివేస్తే మిగిలేది ఇంకుడు. ఉదాహరణకు కుంటలో 140 మి.మీ., బకెట్‌లో 35 మి.మీ. తగ్గితే, ఇంకుడు 105 మి.మీ. మొత్తం నష్టంలో మూడు వంతులు భూమిలోకే పోయింది. ఈ పరీక్షను నవంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి చేయడం మంచిది. బకెట్ అంచు గాలిని కొంత అడ్డుకుంటుంది కనుక ఇది స్థూల అంచనాయే. అయినా పందిరి నిర్ణయానికి ఇది చాలు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులు ఒక గ్రామంలోని పది కుంటలలో ఈ కొలతలు తీసినా, ఆ గ్రామానికి ఎంతో విలువైన సమాచారం సమకూరుతుంది.

పందిరి ఆవిరిని ఎలా తగ్గిస్తుంది?

ఒక చదరపు మీటరు ఉపరితలం నుంచి 1 మి.మీ. నీరు ఆవిరి కావడమంటే ఒక లీటరు నీరు పోవడం. అందుకు సుమారు 2.45 మెగాజౌళ్ల శక్తి కావాలి. ఆ శక్తిలో అధిక భాగం ఎండ నుంచి, కొంత వేడిగాలి నుంచి అందుతుంది. నీటిని ఆనుకొని ఉన్న తేమ గాలిని తొలగించి, దాని చోట పొడి గాలిని నింపే పని గాలి వేగం చేస్తుంది. సూర్యరశ్మి, ఉష్ణోగ్రత, గాలిలోని తేమ, గాలి వేగం అనే ఈ నాలుగింటిని 1948లో పెన్‌మన్ ఒకే సమీకరణంలోకి తెచ్చాడు. నేటికీ నీటి అవసరాల లెక్కలన్నింటికీ అదే పునాది.

పందిరి ఈ నాలుగింటి పైనా పనిచేస్తుంది. ఎండను పైనే ఆపుతుంది. గాలి వేగాన్ని తగ్గిస్తుంది. కింద చిక్కిన గాలి తేమతో నిండి, నీటిపై ఆవిరి ఒత్తిడి తేడాను తగ్గిస్తుంది. అందువలన వల నీడ శాతం, ఆవిరి తగ్గే శాతం ఒకటి కావు. 50 శాతం నీడ వలను చాలా ఎత్తున, నాలుగు పక్కలా తెరిచి కడితే గాలి యథేచ్ఛగా వీచి ఫలితం తగ్గుతుంది. ఒత్తు వలను నీటికి దగ్గరగా, అంచులు గట్టుకు ఆనేటట్లు కడితే ఫలితం పెరుగుతుంది. స్పెయిన్ ఆగ్నేయ భాగంలోని మర్సియా ప్రాంతంలో సాగునీటి తొట్లపై రెండు పొరల నల్ల పాలిథిలిన్ వలను వేలాడదీసి చేసిన పరిశోధనల్లో ఆవిరి 80 శాతానికి పైగా తగ్గింది. మన రైతు స్థాయిలో కట్టే ఒంటిపొర పందిరికి అంత ఫలితం ఆశించరాదు. ఈ వ్యాసంలో 70 శాతాన్ని పై హద్దుగా తీసుకున్నాము.

వలకు బదులు నీరు కారని ప్లాస్టిక్ పట్టా కప్పితే ఇంకా మేలు కదా అన్న సందేహం రావచ్చు. 17 మీటర్ల చదరపు కుంట పైభాగం 289 చదరపు మీటర్లు. ఏడాదికి 600 మి.మీ. వాన కురిస్తే కుంటపై నేరుగా పడే నీరే 173 ఘనపు మీటర్లు. పట్టా ఆ నీటిని బయటికి జార్చివేస్తే, ఆవిరిలో ఆదా అయినంతా వానలోనే కోల్పోతాము. వల గుండా వాన దిగుతుంది. ఈ ఒక్క కారణం చాలు, మెట్ట ప్రాంతపు కుంటకు వల తప్ప పట్టా పనికిరాదని చెప్పడానికి.

రెండు కుంటల లెక్క

పైన 17 మీటర్లు, అడుగున 8 మీటర్లు, లోతు 3 మీటర్లు, వాలు 1.5:1 గల చదరపు కుంటను తీసుకుందాం. దీని సామర్థ్యం సుమారు 489 ఘనపు మీటర్లు. ఇంకుడు పూర్తిగా ఆగేటట్లు పొర వేసి ఉన్నదని భావిద్దాం. ఇక్కడ వాడిన ఆవిరి విలువలు లెక్క కోసం తీసుకున్నవి. సమీప పరిశోధన స్థానపు బాష్పీభవన పాత్ర కొలతను 0.7తో గుణించి, ఆ స్థానిక విలువలను వీటి స్థానంలో వేసుకోవాలి.

మొదటి రైతు వేరుశనగకు లేదా పత్తికి బెట్ట సమయంలో ప్రాణరక్షక తడి కోసం కుంట వాడతాడు. ఆగస్టులో నిండిన నీరు నెల రోజుల్లో పైరుకు చేరుతుంది. రోజుకు 5 మి.మీ. చొప్పున 30 రోజుల్లో 150 మి.మీ. ఆవిరి అయితే, నష్టం 42 ఘనపు మీటర్లు. పందిరి ఉంటే అది 13 ఘనపు మీటర్లకు తగ్గుతుంది. ఆదా 29 ఘనపు మీటర్లు. ఒక ఎకరం మీద పరిస్తే 7 మి.మీ. లోతు. మధ్యలో ఒక మంచి వాన పడి కుంట మళ్లీ నిండితే ఆ ఆదాకు కూడా అర్థం లేదు, ఎందుకంటే మిగిలిన నీరు పొర్లిపోతుంది. ఈ రైతుకు పందిరి అవసరం లేదు. నీటిని ఆవిరి నుంచి కాపాడే ఉత్తమ మార్గం, అవసరమైన కీలక దశలో దానిని వేరు దగ్గరకు చేర్చడమే.

రెండవ రైతు మామిడి, చీనీ వంటి లేత తోటను వేసవి దాటించడానికి నవంబరు నుంచి మే వరకు నీటిని నిలవ ఉంచుతాడు. నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో రోజుకు 4 మి.మీ., ఫిబ్రవరిలో 5, మార్చిలో 6, ఏప్రిల్, మే నెలల్లో 7 మి.మీ. చొప్పున, నెలకు 30 రోజుల లెక్కన ఏడు నెలల్లో 1,110 మి.మీ. ఆవిరి అవుతుంది. మూడు మీటర్ల లోతు 1.89 మీటర్లకు దిగుతుంది. కుంట వాలుగా ఉండటం వలన పైమీటరులోనే నీరు ఎక్కువ. అందుచేత లోతులో మూడో వంతుకు కొంచెం ఎక్కువ తగ్గితే నీటిలో సగానికి పైగా, అంటే 262 ఘనపు మీటర్లు పోతుంది. పందిరి ఉంటే నష్టం 91 ఘనపు మీటర్లు. ఆదా 171 ఘనపు మీటర్లు.

171 ఘనపు మీటర్లంటే 1,71,000 లీటర్లు. వంద లేత మొక్కలకు మొక్కకు రోజుకు 20 లీటర్ల చొప్పున పోస్తే 85 రోజులకు సరిపోతుంది. మార్చి మొదటి వారం నుంచి మే నెలాఖరు దాకా తోట నిలబడటమా, ఎండిపోవడమా అన్నది ఈ నీటితోనే తేలవచ్చు. నీరు మధ్యమధ్య వాడుతూ పోతే ఉపరితలం కుంచించుకొని ఆదా ఇంతకంటే తక్కువగా ఉంటుంది. అయినా ఈ రైతు విషయంలో పందిరి ఆలోచించదగిన పెట్టుబడే.

ఒకే కొలతల కుంట, ఒకే ఊరు, ఒకే ఎండ. అయినా ఇద్దరికీ రెండు సమాధానాలు వచ్చాయి. తేడా అంతా నీరు నిలిచే రోజులలో ఉన్నది.

వెలుతురు తగ్గితే నీటిలో జరిగే మార్పులు

పందిరి నీటి పరిమాణాన్నే కాక నీటి స్వభావాన్ని కూడా మారుస్తుంది. ఎండ లోపలికి దిగకపోతే నాచు, వృక్షప్లవకాలు పెరగవు. బిందు సేద్యం చేసే రైతుకు ఇది అదనపు లాభం. నాచు వడపోత పరికరాన్ని మూసివేసి, డ్రిప్పర్లను పూడుస్తుంది. నీడలోని నీటికి వడపోతను మాటిమాటికీ కడగవలసిన అవసరం తగ్గుతుంది. మర్సియా పరిశోధనల్లోనూ ఈ ప్రయోజనం కనిపించింది.

కాని అదే కుంటలో బొచ్చె, రోహు, మృగాల చేపలు పెంచే రైతుకు ఇది నష్టం. ఈ చేపల సహజ ఆహారానికి మూలం ప్లవకాలే. పగటిపూట నీటిలోకి ప్రాణవాయువును విడిచేదీ వృక్షప్లవకాలే. గాలి అలలు కూడా నీటిలో ప్రాణవాయువును కలుపుతాయి. కుంటంతా కప్పితే రెండు మార్గాలూ తగ్గుతాయి. రాత్రంతా చేపలు, సూక్ష్మజీవులు శ్వాసించిన తరువాత తెల్లవారుజామున నీటిలో కరిగిన ప్రాణవాయువు అత్యల్పంగా ఉంటుంది. అది లీటరుకు 5 మి.గ్రా. లేదా అంతకు మించి ఉండటం మేలు. 3 మి.గ్రా. కంటే తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. మరోవైపు వేసవిలో లోతు తగ్గిన కుంటలో నీరు విపరీతంగా వేడెక్కడం కూడా చేపలకు ప్రమాదమే. కనుక చేపలున్న కుంటలో పడమటి వైపు మూడో వంతు వరకు మాత్రమే నీడ వేసి, మిగిలిన భాగాన్ని వెలుతురుకు వదలడం మధ్యేమార్గం. కొంగలు, లకుముకి పిట్టల బెడద ఉన్నచోట మిగిలిన భాగానికి వెడల్పు కన్నుల వల చాలు.

కప్పు దేనికోసమో ముందుగా తేల్చుకోవాలన్నదానికి లాస్ ఏంజెలెస్ జలాశయం మంచి ఉదాహరణ. అక్కడ 2015 నాటికి 9.6 కోట్ల నల్లని ప్లాస్టిక్ బంతులను నీటిపై వదిలారు. వాటి ముఖ్యోద్దేశం ఎండ సోకి నీటిలో బ్రోమేట్ అనే హానికర పదార్థం ఏర్పడకుండా చూడటం. ఆవిరి తగ్గడం అదనపు ప్రయోజనం. 2018లో వెలువడిన ఒక పరిశోధన, ఆ బంతుల తయారీకి పట్టిన నీరు కరవు కాలంలో అవి ఆదా చేసిన నీటి కంటే ఎక్కువని లెక్కగట్టింది. నీటి ఆదాకే అయితే లెక్క ఒక రకంగా, నీటి నాణ్యతకైతే మరొక రకంగా ఉంటుంది. మన కుంటకూ ఇదే వర్తిస్తుంది.

తీగపందిరి, ఇతర ప్రత్యామ్నాయాలు

వలకు బదులు కుంట గట్టున బీర, సొర, కాకర నాటి, తీగలను పందిరిపైకి పాకించడం తక్కువ ఖర్చు గల పద్ధతి. దీనిని నీటి ఆదా పద్ధతిగా చెప్పడం మాత్రం సరికాదు. తీగ తన ఆకుల ద్వారా నీటిని బయటికి వదులుతుంది. ఆ నీరు కుంట నుంచే రావాలి. అయితే ఊరికే ఆవిరైపోయే నీటికి బదులు కాయగా మారే నీరు కనుక ఇంటి కూరగాయలకు, కొద్దిపాటి ఆదాయానికి ఇది ఉపయోగపడుతుంది. రాలిన ఆకులు నీటిలో కుళ్లి ప్రాణవాయువును హరిస్తాయి. వాటిని వారానికొకసారి తీసివేయాలి. వేర్లు ప్లాస్టిక్ పొరను చీల్చకుండా గట్టు బయటి వైపున నాటాలి. గుర్రపుడెక్క వంటి తేలే మొక్కలను మాత్రం నీడ పేరుతో ఎన్నడూ కుంటలో వేయరాదు.

సెటైల్ ఆల్కహాల్ వంటి రసాయనపు పలుచని పొర నీటిపై పరచి ఆవిరిని తగ్గించే ప్రయత్నాలు 1950ల నుంచి జరిగాయి. గాలి వీస్తే ఆ పొర ఒక మూలకు నెట్టుకుపోవడం దాని ప్రధాన లోపం. జూన్ నుంచి ఆగస్టు వరకు పడమటి గాలులు బలంగా వీచే, గాలిమరలు నెలకొల్పడానికి అనువైన ఆస్పరి వంటి ప్రాంతానికి అది తగదు.

సౌర ఫలకాలను కప్పుగా వాడటం మరొక మార్గం. 2012లో గుజరాత్‌లోని మెహసానా జిల్లా చంద్రాసన్ వద్ద నర్మదా ఉపకాలువపై 1 మెగావాట్ కేంద్రాన్ని నెలకొల్పారు. విశాఖపట్నం ముడసర్లోవ జలాశయంపైనా, రామగుండంలోనూ తేలే సౌర ఫలకాలు పనిచేస్తున్నాయి. సోలార్ పంపు పెట్టుకోబోతున్న రైతు, ఆ ఫలకాల నీడ కుంట దక్షిణపు అంచుపై పడేటట్లు స్థలం ఎంచుకుంటే కొంత లాభం. కేవలం నీడ కోసమే ఫలకాలు కొనడం వివేకం కాదు.

పైసా ఖర్చు లేని పద్ధతి మరొకటి ఉన్నది. పక్కపక్కన రెండు కుంటలు ఉన్న రైతు, రెండింటిలో సగం సగం నీరు ఉంచుకోకుండా జనవరిలోనే ఒకదానిలోకి తోడి నింపుకోవాలి. ఉపరితలం తగ్గితే ఆవిరి తగ్గుతుంది. కొత్తగా తవ్వే కుంట విషయంలో వెడల్పు కంటే లోతుకు ప్రాధాన్యం ఇవ్వాలి. వెనుకటి దిగుడు బావులు ఇరుకుగా, లోతుగా ఉండటంలోని మేలు ఇదే: వాటి గోడలే వాటికి నీడ.

గాలి, నిర్మాణం, భద్రత

పందిరికి అసలు శత్రువు ఎండ కాదు, గాలి. పదిహేడు మీటర్ల దూరం మధ్యలో స్తంభం లేకుండా వలను నిలపాలంటే గట్టి తీగలు, గట్టు వెలుపల లోతుగా పాతిన స్తంభాలు, వాటిని వెనుకకు లాగి కట్టే లంగరు తీగలు అవసరం. మధ్యలో స్తంభం నాటితే అడుగు పొర చిల్లిపడుతుంది. తీగలను రెండు దిశలలో అల్లి, వాటిపై వలను పరచి, పైన మరో వరుస తీగతో నొక్కి ఉంచితే గాలికి పైకి లేవదు. వల అంచు గట్టు దాటి ప్రతి వైపూ ఒక మీటరు రావాలి. అంటే 17 మీటర్ల కుంటకు 19 మీటర్ల చదరపు వల, 361 చదరపు మీటర్లు కావాలి. వరదనీరు దిగే కాలువ, పూడిక గుంత వలకు వెలుపల ఉండాలి. పూడిక తీయడానికి ఒక వైపు వల విప్పగలిగేటట్లు కట్టాలి. అతినీలలోహిత కిరణాలను తట్టుకునే రకం వలనే కొనాలి. మామూలు వల ఒకటి రెండు వేసవులకే పెళుసుబారుతుంది.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన మరో విషయాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు గమనించాలి. పంట కోతలు ముగిసిన తరువాత ఇక్కడి అనేక కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, మరికొన్ని ఇతర పట్టణాలకు వలస పోతాయి. పందిరికి అత్యధిక ప్రయోజనం ఉన్న నెలలూ, ఇంట మనుషులు లేని నెలలూ ఒకటే. ఒక మూల తెగిన తాడును ఆ రోజే కట్టకపోతే, వారం తిరిగేసరికి వలంతా చిరిగి నీటిలో పడుతుంది. కనుక కుంట దగ్గర ఎవరు ఉంటారన్నది వల నాణ్యత కంటే ముందుగా అడగవలసిన ప్రశ్న. వేసవిలో తోట చూసుకొనేందుకు కుటుంబం ఊళ్లోనే నిలిచేటట్లయితే పందిరి నిలుస్తుంది. ఆ తోట ఆదాయం వలస అవసరాన్ని తగ్గించగలిగితే పందిరికి అసలు ఫలితం అదే.

భద్రతను ఎట్టి పరిస్థితిలోనూ విస్మరించరాదు. ప్లాస్టిక్ పొర వేసిన కుంట గట్లు జారుడుగా ఉంటాయి. ఈత వచ్చినవారికి కూడా పట్టు దొరకదు. పైన బిగుతుగా కట్టిన వల పిల్లలకు ఆటస్థలంలా కనిపించవచ్చు. పందిరి ఉన్నా లేకపోయినా కుంట చుట్టూ కంచె, తాళం వేసే తలుపు, నీటిలోకి వేలాడే ముడుల తాడు లేదా తాటి నిచ్చెన తప్పనిసరి. కంచెకు డబ్బు చాలని రైతుకు పందిరిని సిఫారసు చేయకూడదు.

ఖర్చు తూచే విధానం

వల, తీగలు, స్తంభాల ధరలు ఏటేటా మారుతాయి. కనుక అంకెకు బదులు పద్ధతిని తెలుసుకోవడం మేలు. వల ధరను దాని జీవితకాలంతో, స్తంభాలు, తీగల ధరను వాటి జీవితకాలంతో వేరువేరుగా భాగించి, ఏటా మరమ్మతు కూలి కలిపితే సంవత్సరపు ఖర్చు వస్తుంది. దానిని ఆదా అయిన నీటి విలువతో పోల్చాలి.

రెండవ రైతు ఆదా చేసిన 171 ఘనపు మీటర్లు 5,000 లీటర్ల ట్యాంకర్లు 34కు సమానం. అయితే కుంట ప్రతి ఏడూ నిండదు. అయిదేళ్లలో మూడేళ్లు మాత్రమే నిండితే, సగటు ఆదా ఏడాదికి 103 ఘనపు మీటర్లు, అంటే సుమారు 20 ట్యాంకర్లు. ఊళ్లో ట్యాంకరు ధరను 20తో గుణించగా వచ్చే మొత్తం కంటే పందిరి సంవత్సరపు ఖర్చు తక్కువగా ఉంటే పందిరి లాభసాటి. ఎక్కువైతే, ఆ డబ్బుతో వేసవిలో ట్యాంకర్లు తోలించుకోవడమే నయం. మొక్కల మొదళ్లకు ఆకులు, పొట్టు, వేరుశనగ కట్టె వంటివి కప్పి నేల నుంచి పోయే తేమను ఆపడం అంతకంటే చౌక. ఆ పని చేయకుండా కుంటపై మాత్రమే పందిరి వేసిన రైతు, కుంటలో కాపాడిన నీటిని పాదులో పోగొట్టుకుంటాడు.

నిర్ణయ క్రమం

రైతు ముందు కూర్చొని సలహా ఇచ్చేటప్పుడు ఈ ప్రశ్నలను ఇదే వరుసలో అడగడం మంచిది.

1. కుంట అయిదేళ్లలో ఎన్నిసార్లు పూర్తిగా నిండింది? రెండుకు తక్కువైతే ముందు పరివాహక ప్రాంతాన్ని, నీరు దిగే కాలువను సరిచేయాలి.

2. బకెట్ పరీక్షలో ఇంకుడు, ఆవిరి కంటే ఎక్కువా? అయితే ముందు అడుగు పూత లేదా పొర.

3. నీరు జనవరి దాటి నిలవాలా? అవసరం లేకపోతే పందిరి ఆలోచన అక్కడితో ఆపవచ్చు.

4. నీరు బిందు సేద్యానికా, చేపలకా? చేపలున్నచోట పాక్షిక నీడ మాత్రమే.

5. వేసవిలో కుంటను చూసుకొనేవారు ఉన్నారా? కంచె ఉన్నదా?

6. సంవత్సరపు ఖర్చు, ఆదా అయ్యే నీటి విలువ కంటే తక్కువేనా?

ఆరింటికీ అనుకూలమైన జవాబులు వచ్చినప్పుడు పందిరిని ధైర్యంగా సిఫారసు చేయవచ్చు. ఏ ఒక్కచోట ఆగినా, రైతు డబ్బు ఆ మెట్టుపైనే ఖర్చు కావాలి.

ముగింపు

నీడపందిరి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు విడిగా సమాధానం లేదు. పొర వేసి, వేసవి దాకా నీరు నిలిపి, తోటకు బిందువులుగా అందించే కుంటకు అది ఒక వేసవిని దాటించే సాధనం. ఎర్ర నేలలో పొర లేకుండా తవ్విన కుంటకు, ఖరీఫ్‌లోనే ఖాళీ అయ్యే కుంటకు అది భారం. మెట్ట రైతు చేతిలోని పెట్టుబడి కుంటలోని నీటి వంటిదే: ఒకసారి తప్పు దారిన పోతే ఆ ఏటికి తిరిగి రాదు. అందుచేత పందిరి పథకాలను గ్రామాలకు తీసుకుపోయే ముందు, ప్రతి కుంట దగ్గరా ఒక కొలత కర్ర, ఒక బకెట్ పెట్టించడం విస్తరణ వ్యవస్థ చేయదగిన మొదటి పని. వారం రోజుల ఆ కొలతతో రైతు తన కుంటకు ఏది అవసరమో తానే చూసి తెలుసుకోగలడు.